ఇంగ్లీష్ టీచరు కావడానికి ఏ కాగితం కావాలి?

పోయిన వేసవిలో మా మేనకోడలు ఒక ఫైలు తెచ్చి నా ముందు పెట్టింది. అందులో బీఎస్సీ డిగ్రీ, బయాలజీ మెథడాలజీతో (ఆ సబ్జెక్టు బోధించే పద్ధతి) చేసిన బీఈడీ, దూరవిద్యలో పూర్తిచేసిన ఎమ్మే ఇంగ్లీష్, టీచర్ల అర్హత పరీక్ష టెట్ మార్కుల మెమో ఉన్నాయి. అన్నిటికీ పైన బంగారు రంగు ముద్ర మెరుస్తూ ఒక ఆన్‌లైన్ సర్టిఫికెట్, ఇంగ్లీష్ బోధన మీద: ‘120 గంటల టెఫెల్’.

“ఇన్ని ఉన్నాయి కదా మామయ్యా, స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీష్‌కి అర్హత లేదంటున్నారు. ఇంకేం చదవమంటావు?” అంది.

జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పాతికేళ్లు ఇంగ్లీష్ చెప్పినవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్తేం కాదు. అడిగేవాళ్లు మారతారు, ఫైలు లావు మారుతుంది, చిక్కు మాత్రం అదే. ఉద్యోగానికి అర్హత ఉండటం ఒకటి, ఇంగ్లీష్ రావడం ఒకటి, వచ్చిన ఇంగ్లీష్‌ను పిల్లలకు నేర్పగలగడం ఇంకొకటి. ఒకదానికి ఇచ్చే కాగితాన్ని ఇంకోదానికి రుజువనుకుని డబ్బూ ఏళ్లూ పోగొట్టుకునేవాళ్లు ఇంటికొకరు దొరుకుతారు.

ముందు అర్హత సంగతి. మా మేనకోడలు దెబ్బతిన్నది అక్కడే. సర్కారీ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీష్ పోస్టుకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ డిగ్రీలో ఇంగ్లీష్ ఒక ఆప్షనల్ సబ్జెక్టుగా ఉండాలి, లేదా ఇంగ్లీష్‌లో ఎమ్మే ఉండాలి. దాంతోపాటు బీఈడీలో ఇంగ్లీష్ మెథడాలజీ ఉండి తీరాలి. డిగ్రీలో అందరూ చదివే జనరల్ ఇంగ్లీష్ ఈ లెక్కలోకి రాదు. బీఏలో స్పెషల్ ఇంగ్లీష్ తీసుకున్నవాళ్లకే ఆ దారి. ఎమ్మే ఉన్నా, బీఈడీ బయాలజీలో చేస్తే ఆమె కాగితం మీద జీవశాస్త్రం టీచరే. ఎమ్మే చేశాక బీఈడీకి వెళ్లుంటే సరిపోయేది, ఆమె బీఈడీ చేశాక ఎమ్మే చేసింది. బండి ముందా, ఎద్దు ముందా అన్నదే ఇక్కడ తేడా. ఈ ముక్క బీఈడీ ప్రవేశాల ఎడ్‌సెట్ కౌన్సెలింగ్ రోజున చెప్పేవాళ్లు లేక, సీటు దొరికిన మెథడాలజీలో చేరిపోయి తర్వాత తల పట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను.

కేంద్రీయ విద్యాలయాల నిబంధన ఇంకొంచెం బిగువు. అక్కడ హైస్కూలు టీచరు, అంటే టీజీటీ ఇంగ్లీష్‌కి డిగ్రీ మూడేళ్లూ ఇంగ్లీష్ సబ్జెక్టుగా చదివుండాలి. జూనియర్ లెక్చరర్ కావాలంటే ఎమ్మే చాలు, బీఈడీ అడగరు. డిగ్రీ కాలేజీకి ఎమ్మే మీద నెట్టో, సెట్టో (లెక్చరర్ల అర్హత పరీక్షలు), పీహెచ్‌డీయో కావాలి, పాఠం చెప్పడంలో శిక్షణ మాత్రం అక్కర్లేదు. ఈ ఏర్పాటు నాకెప్పుడూ విడ్డూరంగానే ఉంటుంది. చాసర్, మిల్టన్, షేక్‌స్పియర్ చదివి బయటికొచ్చిన కుర్రాణ్ణి ఇంజినీరింగ్ కాలేజీ తీసుకుని, అరవైమంది ముందు నిలబెట్టి ‘కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబ్ నడుపు’ అంటుంది. ఎలా నడపాలో అతనికి ఎవరూ చెప్పి ఉండరు. చిన్న పిల్లలకు చెప్పేవాడికి శిక్షణ తప్పనిసరి, పెద్ద పిల్లలకు చెప్పేవాడికి అక్కర్లేదట!

చిన్న పిల్లలంటే గుర్తొచ్చింది. ప్రాథమిక పాఠశాలలో ఇంగ్లీష్ టీచరంటూ వేరే ఉండరు. డీఈడీ అనే డిప్లొమా చేసిన సెకండరీ గ్రేడ్ టీచరు, అంటే ఎస్‌జీటీయే తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానంతోపాటు ఇంగ్లీషూ చెబుతారు. బీఈడీ వాళ్లు కూడా ప్రైమరీకి పనికొస్తారని, టీచర్ల చదువుకు నియమాలు పెట్టే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2018లో తెరిచిన తలుపును సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో మూసేసింది. అంటే పిల్లవాడికి ‘ఎ, బి, సి’ దిద్దించే మొదటి ఇంగ్లీష్ గురువు ఇంగ్లీష్‌లో నిపుణులు కాకపోవచ్చు. ఆ అక్షరాల శబ్దం ఎలా పలికితే అలాగే పదేళ్లపాటు నిలిచిపోతుంది. తెలంగాణ 2022–23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు సర్కారీ బడుల్లో ఇంగ్లీష్ మీడియం తెచ్చాక లెక్కల సారు, సోషల్ మేడమ్ కూడా సగం ఇంగ్లీష్ టీచర్లయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంగ్లీష్ మీడియం తెస్తూ 2019 నవంబరులో ఇచ్చిన జీవో, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేయడం అందరికీ గుర్తుండే ఉంటాయి. ఏ మాధ్యమం మంచిదన్న వాదన నాకిప్పుడు వద్దు. మాధ్యమం మారినంత తేలిగ్గా మాస్టారు మారరు, అంతే.

ఇక టెట్. విద్యాహక్కు చట్టం వచ్చాక, ఎన్‌సీటీఈ 2010 ఆగస్టు నోటిఫికేషన్‌తో ఒకటి నుంచి ఎనిమిది వరకు చెప్పేవాళ్లకు ఇది తప్పనిసరైంది. 150 ప్రశ్నలు, 150 మార్కులు, జనరల్ వాళ్లకు 60 శాతం వస్తే పాస్. 2021లో దీని చెల్లుబాటు జీవితకాలం చేశారు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, రిటైర్మెంటుకు ఐదేళ్లకు మించి సర్వీసున్న పాత టీచర్లు కూడా రెండేళ్లలో టెట్ పాసవ్వాలని తీర్పిచ్చాక స్టాఫ్‌రూముల్లో వేరే మాట లేదు. నలభై దాటిన మా జూనియర్లు పిల్లల పక్కన కూర్చుని బిట్లు చేస్తున్నారు.

పేపరు లోపల ఏముందో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. పైతరగతుల టెట్‌లో శిశు వికాసానికి 30, మొదటి భాషకు 30, ఇంగ్లీష్‌కు 30, సబ్జెక్టుకు 60 మార్కులు. ఆ 60 మార్కులకు ఎన్‌సీటీఈ 2011లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రెండే దారులున్నాయి: లెక్కలు–సైన్సు, లేదా సోషల్. తక్కిన టీచర్లు ఏదో ఒకటి ఎంచుకోవాలి. అందుకే తెలంగాణలో ఇంగ్లీష్ టీచరు కాబోయే అభ్యర్థి కాకతీయుల చెరువులు, రుతుపవనాలు, రాజ్యాంగ సవరణలు బట్టీపట్టి టెట్ గట్టెక్కుతాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు భాషా టీచర్లకు ఆ 60 మార్కులూ వాళ్ల భాషమీదే ఇస్తున్నారు, అది కాస్త నయం. తర్వాత డీఎస్సీ, అంటే టీచర్ల నియామక పరీక్ష. టెట్‌కు 20 శాతం వెయిటేజీ, డీఎస్సీ పరీక్షకు 80. స్కూల్ అసిస్టెంటుకు మొదటి నుంచి చివరిదాకా అంతా నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కే పరీక్షే. నోరు తెరిచి ఒక్క వాక్యం ఇంగ్లీష్‌లో మాట్లాడకుండా, ఒక్క పాఠం చెప్పి చూపించకుండా ఇంగ్లీష్ టీచరు కావచ్చు. నేనూ అలాగే అయ్యాను, దాచేదేముంది?

మరి బీఈడీలో నేర్పించరా అంటారు. నేను చేసినప్పుడు అది ఏడాది కోర్సు. రెండు మెథడాలజీలకు కలిపి నలభై పాఠాలు చెప్పాలి, ప్రతి పాఠానికీ లెసన్ ప్లాన్ రాయాలి. మోటివేషన్, మోడల్ రీడింగ్, సైలెంట్ రీడింగ్, కాంప్రెహెన్షన్ ప్రశ్నలు, హోంవర్కు అని గళ్లు గీసిన రికార్డు. మా కాలేజీ పేరెందుకుగానీ, ఆ రికార్డులు పక్క వీధి జిరాక్స్ షాపులో వంద రూపాయలకు రాసిపెట్టేవాళ్లు. అట్ట మీద బొమ్మలకు ఇంకో యాభై. నా నలభై పాఠాల్లో మెథడ్ మేస్టారు వెనక కూర్చుని చూసినవి మూడు. మూడింటికీ ఆయన రాసిన మాట ఒకటే: ‘గుడ్, బోర్డు వర్క్ ఇంప్రూవ్ చేయాలి.’ తక్కిన ముప్పై ఏడూ సంతకాలే.

2015–16 నుంచి బీఈడీ రెండేళ్లయింది. బడిలో గడపాల్సిన కాలం మొత్తం ఇరవై వారాలు, అందులో పదహారు వారాలు రెండో ఏట వరసగా ఇంటర్న్‌షిప్. కాగితం మీద ఇది చాలా మంచి మార్పు. ఏ బడిలోనైనా పదహారు వారాలు నిలబడితే ఏదో ఒకటి అబ్బుతుంది. కానీ చాలాచోట్ల ట్రైనీలను సెలవు పెట్టిన టీచర్ల పీరియడ్లకు పంపుతారు. పిల్లలు అల్లరి చేయకుండా చూస్తే అదే పదివేలు. నలభై పాఠాలైనా, పదహారు వారాలైనా అసలు ప్రశ్న ఒకటే: వెనక కూర్చుని చూసిందెవరు, చూశాక నిజం చెప్పిందెవరు?

ఈ ప్రశ్న పట్టుకుంటే విదేశీ సర్టిఫికెట్ల గందరగోళం కూడా చాలామటుకు విడిపోతుంది. టెఫెల్, టెసోల్, టెసెల్, ఈఎల్‌టీ ఇవన్నీ కోర్సుల పేర్లు కావు, రంగం పేర్లు. ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్లకు ఇంగ్లీష్ చెప్పడం అన్న పనికి ఒక్కో దేశంలో ఒక్కో ముద్దుపేరు. ‘టెఫెల్ చేశాను’ అంటే ‘వైద్యం చేశాను’ అన్నట్టే. ఎంబీబీఎస్సా, ఆర్‌ఎంపీయా అన్నది దాన్నిబట్టి తెలీదు. ప్రపంచమంతటికీ కలిపి వీటిని నియంత్రించే ఒక్క సంస్థ కూడా లేదు. అందుకే రెండు వేలకూ దొరుకుతాయి, రెండు లక్షలకూ దొరుకుతాయి.

వాటిలో గట్టివి రెండు. ఒకటి కేంబ్రిడ్జివాళ్ల సెల్టా, రెండోది లండన్ ట్రినిటీ కాలేజీవాళ్ల సర్ట్ టెసోల్. సెల్టా మూలం 1962 నాటిది. లండన్‌లో ఇంటర్నేషనల్ హౌస్ నడిపే జాన్ హేక్రాఫ్ట్ తన బడికి టీచర్లు దొరక్క రెండు వారాల కోర్సు పెట్టాడు. సిద్ధాంతం తక్కువ, మొదటి రోజుల నుంచే తరగతిలోకి దింపడం ఎక్కువ. ఆ పద్ధతే పెరిగి, చేతులు మారి, 1988లో కేంబ్రిడ్జి గూటికి చేరింది. ఇవాళ కనీసం 120 గంటల కోర్సు. అందులో ఆరు గంటలు అసలైన విద్యార్థులకు పాఠం చెప్పాలి, ప్రతి నిమిషం ట్యూటరు చూస్తూ ఉంటారు. ఇంకో ఆరు గంటలు అనుభవజ్ఞుల పాఠాలు చూడాలి, నాలుగు వ్యాసాలు రాయాలి. చివర్లో బయటినుంచి ఒక అసెసరు వచ్చి తనిఖీ చేస్తారు.

ఆ ‘120 గంటలు’ అన్న అంకె ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది కదా. ఆన్‌లైన్‌లో అమ్మే సర్టిఫికెట్లన్నీ ఆ అంకెను ఎత్తుకొచ్చి పెట్టుకున్నాయి, ఆరు గంటల పాఠాన్ని మాత్రం అక్కడే వదిలేశాయి. మా మేనకోడలి బంగారు ముద్ర సర్టిఫికెట్ మూడు రాత్రుల్లో పూర్తయిందట. వీడియోలు, కింద క్విజ్‌లు. ఒక్క మనిషికి ఒక్క మాట నేర్పలేదు. కేంబ్రిడ్జివాళ్లదే టీకేటీ అని ఇంకో పరీక్ష ఉంది, అదీ బిట్ల పరీక్షే. బోధన గురించి తెలుసని చెబుతుంది తప్ప బోధించగలరని చెప్పదు, చెబుతున్నానని బుకాయించదు కూడా. ఆ నిజాయితీ ఉన్నంతవరకు దానితో నాకు పేచీ లేదు.

అసలు ఆ ఆరు గంటల్లో జరిగేదేమిటి? ఒక్క ముక్క దగ్గరగా చూపిస్తాను. ‘యూజ్డ్ టు’ నేర్పాలనుకోండి. వాక్యం: ‘ఐ యూజ్డ్ టు ప్లే క్రికెట్.’ మనమైతే బోర్డు మీద రాసి, గతంలో అలవాటుగా చేసిన పని అని వివరించి, ‘అండర్‌స్టాండ్?’ అంటాం. అరవై గొంతులు ఒక్కసారిగా ‘యస్ సార్’ అంటాయి. ఆ ‘యస్ సార్’కు అర్థం లేదు. వెనక బెంచీవాడు గోడ గడియారం చూస్తూ కూడా అనగలడు. సెల్టాలో ఆ మాట నోట్లోంచి రానివ్వరు. దాని బదులు చిన్న చిన్న ప్రశ్నలు వేయాలి: అతను ఇప్పుడు ఆడుతున్నాడా? లేదు. అప్పట్లో ఆడాడా? ఆడాడు. ఒక్కసారా, చాలాసార్లా? చాలాసార్లు. ఈ మూడు జవాబులూ సరిగ్గా వస్తేనే అర్థమైనట్టు. ప్రశ్నలో ‘యూజ్డ్ టు’ అన్న మాట వాడకూడదు, నేర్పుతున్నదే అది కదా. ఇలాంటి ప్రశ్నలు తయారుచేయడం చూడ్డానికి సులువు. ‘మస్ట్ హావ్ గాన్’కు చేసి చూడండి, రాత్రి పదకొండు దాటుతుంది.

అర్థం అయ్యాక రూపం, ఆ తర్వాత ఉచ్చారణ. గతకాలపు ‘ఇడి’ (-ed)ని మనవాళ్లు రాసినట్టే పలుకుతారు, ‘వాకెడ్’ అని. నిజానికి అది మూడు రకాలు. ‘వాక్’ చివర ‘ట్’, ‘ప్లే’ చివర ‘డ్’, ‘వాంట్’ చివర ‘ఇడ్’. అర్థం, రూపం, ధ్వని ఈ మూడింటినీ పాఠానికి ముందే కాగితం మీద విడగొట్టి పెట్టుకోవాలి. పాఠం అయ్యాక ట్యూటరూ తోటి ట్రైనీలూ చుట్టూ కూర్చుంటారు. ఎవరూ ‘గుడ్’ అని వదిలేయరు.

నేను సెల్టా చేయలేదు. కానీ సర్వీసులో పదో ఏట ఒక ఇన్‌సర్వీస్ శిక్షణలో అలాంటి ట్యూటరమ్మ చేతికి చిక్కాను. నలభై నిమిషాల పాఠం చెప్పి చొక్కా సర్దుకుంటూ వచ్చి కూర్చున్నాను. ఆమె స్టాప్‌వాచ్ నా ముందు పెట్టింది. “మీరు ముప్పై మూడు నిమిషాలు మాట్లాడారు, పిల్లలందరూ కలిసి నాలుగు నిమిషాలు మాట్లాడారు. ఇందులో ఇంగ్లీష్ సాధన ఎవరికి జరిగింది సార్?” అని అడిగింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. పదేళ్లలో నాకు అందిన శిక్షణ అదొక్కటే అనుకుంటాను.

సెల్టా మన బడికి అచ్చంగా సరిపోతుందని మాత్రం చెప్పను. అది పెద్దవాళ్లకు, పది పదిహేనుమంది ఉండే గదికి, నలుగురు నాలుగు భాషలు మాట్లాడే లండన్ క్లాసుకు పుట్టింది. అక్కడ ఇంగ్లీష్ తప్ప వేరే దారి లేదు, కాబట్టి మూడు ప్రశ్నలు వేయాలి. కర్నూలు జిల్లాలో ఏడో తరగతికి ‘ఆడేవాణ్ణి’ అన్న ఒక్క మాట చాలు. ‘ఆడాను’కూ ‘ఆడేవాణ్ణి’కీ తేడా ఆ పిల్లవాడికి మూడేళ్ల వయసు నుంచీ తెలుసు. ఆ తెలిసినదాన్ని పక్కన పెట్టి మాట లేకుండా మైమ్ చేసి చూపించడం దండగ. అలాగని ‘ద’ (the) అన్న ఆర్టికల్ దగ్గర తెలుగు ఆదుకోదు. ‘ఎ’కు ‘ఒక’ అని సర్దుకోవచ్చుగానీ ‘ద’కు మన దగ్గర మాటే లేదు. ఎక్కడ తెలుగు మెట్టవుతుందో, ఎక్కడ గొయ్యవుతుందో తెలియడం తెలుగు టీచరుకున్న బలం. లక్ష దాటే ఫీజు కట్టినా ఏ విదేశీ కోర్సూ దీన్ని నేర్పదు. స్పోకెన్ ఇంగ్లీష్ ప్రకటనల్లో ‘నేటివ్ ట్రైనర్’ అని గొప్పగా వేసుకుంటారు గానీ, మనవాడు ‘ఇస్కూలు’ అని ఎందుకంటాడో ఆ నేటివ్‌కు తెలీదు. దక్షిణ కొరియా వీసా నియమాల్లోనూ ఇదే పిచ్చి. అక్కడ ఇంగ్లీష్ బోధకుల ఈ–2 వీసా మామూలుగా ఏడు దేశాల పౌరులకే, ఆ జాబితాలో మనం లేం. విదేశీ కొలువు కోసం సర్టిఫికెట్ కొనేముందు ఆ దేశం పాస్‌పోర్టు అడుగుతుందో, డిగ్రీ అడుగుతుందో చూసుకోండి.

మన దగ్గర ఈ విద్య కొత్తదీ కాదు. హైదరాబాద్ తార్నాక దారిలో ఇప్పుడు ఇఫ్లూ అంటున్న విశ్వవిద్యాలయం 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలైంది, ఇంగ్లీష్ టీచర్లకు శిక్షణ ఇవ్వడానికే. తర్వాత సీఫెల్ అయింది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. మా ముందుతరం లెక్చరర్లు అక్కడ దూరవిద్యలో పీజీసీటీఈ, పీజీడీటీఈ అనే ఇంగ్లీష్ బోధన కోర్సులు చేసి, ఫొనెటిక్స్ పుస్తకాలు చంకన పెట్టుకుని తిరిగేవాళ్లు. ఇఫ్లూలో ఇంగ్లీష్ ఒక్కటే సబ్జెక్టుగా బీఈడీ కూడా ఉంది. ఇంగ్లీష్ బోధనే వృత్తిగా పెట్టుకోదలచినవాళ్లు ముందు ఆ సీటుకు గురిపెట్టాలని నా సలహా. బెంగళూరులో 1963లో పెట్టిన రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ దక్షిణాది రాష్ట్రాల టీచర్లను ఇప్పటికీ పిలిచి శిక్షణ ఇస్తోంది.

ఆ బెంగళూరుతోనే ముడిపడిన కథ ఇంకొకటుంది, మన బీఈడీ క్లాసుల్లో ఎందుకో గట్టిగా చెప్పరు. ఎన్.ఎస్. ప్రభు అనే ఇంగ్లీష్ బోధన నిపుణుడు 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారతంలోని మామూలు బడుల్లో ఒక ప్రయోగం నడిపాడు. వ్యాకరణం ముందు చెప్పడు. పిల్లల ముందు రైల్వే టైంటేబులు పెట్టి ‘ఫలానా రైలెక్కితే ఎన్నింటికి దిగుతాం’ లాంటి లెక్క ఇస్తాడు. మ్యాపు ఇచ్చి దారి కనుక్కోమంటాడు. లెక్క తేల్చే గొడవలో పడి పిల్లలు ఇంగ్లీష్ వాడతారు, వాడుతూ నేర్చుకుంటారు. ఇవాళ ప్రపంచమంతా ‘టాస్క్ ఆధారిత బోధన’ అంటున్నదానికి పెద్ద పునాది ఇదే. ఇంకో విశేషం, ఆయన గ్రూప్ వర్క్ మీద ఆధారపడలేదు. ముందు టీచరు తరగతి మొత్తంతో ఒక లెక్క చేయిస్తాడు, తర్వాత అలాంటిదే ఇంకొకటి ఎవరికి వాళ్లు చేయాలి. బెంచీలు జరపడానికి చోటు లేని గదిలో ఇదే కుదురుతుందని మనలాంటివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మా మేనకోడలికి చివరికి ఏం చెప్పానంటారా? సర్కారీ ఉద్యోగమే కావాలంటే బయాలజీ పోస్టుకు రాసుకో, నీ కాగితాలు అక్కడ చక్కగా నడుస్తాయన్నాను. ఇంగ్లీషే చెప్పాలనుంటే ఇంగ్లీష్ మెథడాలజీతో బీఈడీ మళ్లీ చేయాలి, రెండేళ్లు. ఆలోచించుకోమన్నాను. సెల్టాకు అప్పు చేస్తానంటే వద్దన్నాను. అది మన డీఎస్సీకి పనికిరాదు. అంతర్జాతీయ స్కూళ్లో, విదేశీ లాంగ్వేజ్ సెంటర్లో కళ్లముందు ఉన్నప్పుడు చేసుకోవచ్చు. ఈలోపు ఆమె పనిచేసే ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతి ఇంగ్లీష్ ఇచ్చారు కాబట్టి, పైసా ఖర్చు లేని పని ఒకటి చెప్పాను. ఫోను జేబులో పెట్టుకుని పాఠం రికార్డు చెయ్యి, ఇంటికొచ్చి కాగితం కలం పట్టుకుని విను. నువ్వెంతసేపు మాట్లాడావో, వాళ్లెంతసేపు మాట్లాడారో రాయి.

వారం తర్వాత ఫోన్ చేసింది. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, గొంతు తగ్గించి అంది:

“మామయ్యా, నలభై నిమిషాల్లో ‘ఓకే’ అని యాభై రెండుసార్లు అన్నాను. ‘అండర్‌స్టాండ్?’ పంతొమ్మిది. మూడో వరసలో ఒక పిల్ల ఉంది, దాని గొంతు రికార్డింగులో ఎక్కడా లేదు.”

రేపు దాన్ని ముందు బెంచీలో కూర్చోబెట్టి మళ్లీ రికార్డు చేస్తానంది.